గిట్‌కేలో పాత మార్పును వెతకడం: తక్‌పట్టీ లెక్క ఎక్కడ తప్పిందో పట్టుకునే పద్ధతి

తమ్ముడూ, నాకు అర్థమైనంత వరకు నీ సమస్య ఇది. హనుమకొండలో మీరు నలుగురు కలిసి ఎనుమాముల మార్కెట్‌లోని ఆడ్తి (కమీషన్ ఏజెంట్ల) దుకాణాలకు బిల్లింగ్ ప్రోగ్రాం రాసి ఇస్తున్నారు. సంక్రాంతికి తక్‌పట్టీ, అంటే రైతుకు ఇచ్చే లెక్క చీటీ, సరిగ్గానే వచ్చింది. శివరాత్రి నాటికి ఒక రైతు చీటీ పట్టుకొచ్చి లెక్క అడిగాడు. 23 బస్తాల మిర్చికి తరుగు పోను నికర తూకం 9 క్వింటాళ్ల 41 కిలోల 600 గ్రాములు రావాలి. చీటీ మీద 9 క్వింటాళ్ల 41 కిలోలే పడింది. క్వింటాలుకు 14,000 రూపాయల ధర అనుకుంటే ఆ 600 గ్రాములకు 84 రూపాయలు. ఈ మార్పు ఎప్పుడు వచ్చిందో, ఎవరు చేశారో తెలియడం లేదు. కోడ్‌లో ప్రతి మార్పునూ దాచే గిట్ ఉంది, కానీ టెర్మినల్‌లో గిట్ లాగ్ కొడితే స్క్రీన్ నిండా అక్షరాలు, ఆ చరిత్రను బొమ్మగా చూపే గిట్‌కే తెరిస్తే రంగురంగుల గీతలు. పొరపాటున ఏదైనా నొక్కితే కోడ్ పోతుందేమో అని టెన్షన్. వేరే టూల్ ఏదైనా మంచిదా అని కూడా అడిగావు.

ముందు ఆ టెన్షన్ తీసెయ్. గిట్‌కే ప్రధానంగా చూసే పనిముట్టు. పైకి కిందికి స్క్రోల్ చేసినా, ఏ కమిట్ (ఒకసారి దాచిన మార్పుల కట్ట) మీద క్లిక్ చేసినా, వెతికినా, రెండిటిని పోల్చినా నీ ఫైళ్లలో ఒక్క అక్షరం మారదు. రైట్ క్లిక్ మెనూలో నాలుగైదు ఆప్షన్లు మాత్రం పని చేసేస్తాయి. వాటి సంగతి కింద విడిగా చెప్తాను.

అసలు మాట ఇది. గిట్‌కేని ఊరికే తెరిచి కూర్చోవద్దు. ఒక ప్రశ్న చేతిలో పెట్టుకుని, ఆ ప్రశ్నకు సరిపడా చరిత్రనే తెరిపించు. "మా ప్రాజెక్టులో ఏం జరిగింది" అని చూస్తే వందల కమిట్లు ముందుకొస్తాయి, కళ్లు తిరుగుతాయి. "నికర తూకం లెక్కించే ఫంక్షన్, సంక్రాంతి తర్వాత, మెయిన్ బ్రాంచ్‌లో ఎప్పుడు మారింది" అని అడిగితే ఐదారు కమిట్లు మిగులుతాయి. (బ్రాంచ్ అంటే విడిగా సాగే పని దారి, మెయిన్ అసలు దారి.) కాలేజీ నుంచి కొత్తగా వచ్చే పిల్లలకు యాడ్, కమిట్, పుష్ బాగానే వస్తాయి. వెనక్కి తిరిగి చదవడం మాత్రం ఎవరూ నేర్పరు. సగం ఉద్యోగం అదే అయినా సరే. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టు. విండోస్‌లో గిట్ ఇన్‌స్టాల్ చేస్తే గిట్‌కే దానితోపాటే వస్తుంది. ఉబుంటులో ఆ పేరుతోనే ప్యాకేజీ వేరుగా ఉంటుంది, అది వేసుకోవాలి. మ్యాక్‌లో యాపిల్ ఇచ్చే గిట్‌లో ఇది ఉండదు, హోమ్‌బ్రూలో గిట్-గుయ్ ప్యాకేజీ వేస్తే వస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది.

దీని పుట్టుక తెలిస్తే ఆ గీతలు ఎందుకున్నాయో అర్థమవుతుంది. లినక్స్ కెర్నల్ వాళ్లు అప్పటిదాకా వాడిన బిట్‌కీపర్ అనే ఇలాంటి పనిముట్టును ఉచితంగా వాడుకునే వీలు పోవడంతో 2005 ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ గిట్ మొదలుపెట్టాడు. అదే ఏడాది, కెర్నల్ మీద పనిచేసే పాల్ మెకరస్ టీసీఎల్/టీకేలో గిట్‌కే రాశాడు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన బ్రాంచ్‌లు రోజూ వచ్చి కలిసే ప్రాజెక్టు అది. కాబట్టి ఏ మార్పు ఏ దారిన వచ్చి ఎక్కడ కలిసిందో చూపించడమే దీని పని. నలుగురున్న టీమ్‌కు కూడా ఆ అవసరం ఉంటుంది. నీ సమస్యలోనే అది ఉండొచ్చని నా అనుమానం.

ఇక విండో. పై భాగంలో ఒక్కో వరుస ఒక్కో కమిట్. ఎడమ పక్కన చుక్క, దాని నుంచి కిందికి దిగే గీత తల్లి కమిట్‌కు, అంటే ముందటి కమిట్‌కు, వెళ్తుంది. ఒక చుక్క నుంచి రెండు గీతలు కిందికి దిగితే అది మెర్జ్, అంటే రెండు బ్రాంచ్‌లు కలిసిన చోటు. పసుపు చుక్క నువ్వు ప్రస్తుతం ఉన్న చోటు. మిగతావి నీలం. పైన ఎర్ర చుక్క కనిపిస్తే నువ్వు మార్చి ఇంకా స్టేజ్ చేయని (కమిట్ కోసం ఎంచి పెట్టని) మార్పులున్నాయని, ఆకుపచ్చ చుక్క కనిపిస్తే స్టేజ్ చేసి కమిట్ చేయనివి ఉన్నాయని అర్థం. గీతల రంగులకు మాత్రం ఏ అర్థమూ లేదు. ఎర్ర గీత అంటే తప్పు కాదు, పచ్చ గీత అంటే ఫలానా మనిషిది కాదు. పక్కపక్కన ఉన్న గీతలు కలిసిపోకుండా వేసిన రంగులు, అంతే. చాలామంది ఈ రంగులకు అర్థం వెతికే దగ్గరే ఆగిపోతారు. పొడవైన గీత మధ్యలో తెగి బాణం గుర్తుతో ముగిస్తే ఆ బాణం మీద క్లిక్ చెయ్, రెండో కొస దగ్గరికి తీసుకెళ్తుంది.

చుక్కల పక్కన ఆకుపచ్చ డబ్బాల్లో ఉండేవి బ్రాంచ్ పేర్లు, పసుపువి ట్యాగులు, అంటే ఒక కమిట్‌కు పెట్టిన స్థిరమైన పేర్లు. బ్రాంచ్ పేరు అనేది బస్తాకు కట్టిన చీటీ లాంటిది. చీటీ తీసేస్తే సరుకు వెంటనే ఎక్కడికీ పోదు, ఏది ఎవరిదో చెప్పే గుర్తు పోతుంది. ఈ ఒక్క విషయం పట్టుబడితే గిట్ అంటే ఉన్న భయం చాలావరకు పోతుంది.

రెండు చిన్న విషయాలు మొదట్లోనే గుర్తుపెట్టుకో. ఊరికే గిట్‌కే అని కొడితే నువ్వున్న బ్రాంచ్ చరిత్రే కనిపిస్తుంది. మీ వాళ్ల బ్రాంచ్‌లన్నీ కావాలంటే "గిట్‌కే --ఆల్" అనాలి. అలాగే అది నీ కంప్యూటర్‌లో ఉన్నదాన్నే చూపిస్తుంది. పక్క సీటు అతను ఇందాక పుష్ చేసింది కనిపించాలంటే ముందు గిట్ ఫెచ్ చేసి (అందరి కొత్త కమిట్లను నీ దగ్గరికి తెచ్చుకుని), తర్వాత విండోలో ఎఫ్5 నొక్కు.

ఇప్పుడు నీ తక్‌పట్టీ దగ్గరికి వద్దాం. తూకం లెక్క ఉన్న ఫైల్ ఏదో నీకు తెలుసు కదా. రెపో ఫోల్డర్‌లో, అంటే గిట్ ఉన్న ప్రాజెక్టు ఫోల్డర్‌లో, ఉండి ఇలా తెరువు:

గిట్‌కే --సిన్స్=2.మంత్స్ -- తూకం.పై

ఫైల్ పేరుకు ముందున్న ఆ ఒంటరి రెండు హైఫన్లు ముఖ్యం. వాటి తర్వాత వచ్చేది ఫైల్ పేరు అని గిట్‌కు తెలుస్తుంది. లేకపోతే అదే పేరుతో బ్రాంచ్ ఏదైనా ఉంటే గందరగోళం. ఫైల్ పేరుకు బదులు ఫోల్డర్ పేరు ఇచ్చినా పనిచేస్తుంది. ఇప్పుడు ఆ ఫైల్‌ను ముట్టుకున్న కమిట్లే వస్తాయి, మిగతావన్నీ పక్కకు పోతాయి.

అవి కూడా పాతిక ముప్పై ఉంటే, మధ్యలో ఉన్న ఫైండ్ వరుసను వాడు. దానికి ఒక డ్రాప్‌డౌన్ ఉంటుంది. "కంటైనింగ్" అని ఉన్నప్పుడు కమిట్ మెసేజ్‌లో, రాసినవాళ్ల పేర్లలో వెతుకుతుంది. నీకు కావాల్సింది అది కాదు. "యాడింగ్/రిమూవింగ్ స్ట్రింగ్" ఎంచుకుని, కోడ్‌లో ఉండే మాట ఇవ్వు. పాయింట్ తర్వాతి అంకెలు పోతున్నాయంటే పైథాన్‌లో రౌండ్ వాడిన చోట ఎవరో ఇంట్ పెట్టి ఉండొచ్చు. రౌండ్ అయితే 941.6ను ఒక దశాంశంతో ఉంచుతుంది, ఇంట్ అయితే 941గా కోసేస్తుంది. ఆ కోత ఎప్పుడూ కిందికే కాబట్టి నష్టం ప్రతిసారీ అమ్మేవాడికే. అందుకని "రౌండ్(" అని వెతికి చూడు. దొరికిన కమిట్లు జాబితాలో బోల్డ్ అక్షరాల్లోకి మారతాయి.

ఈ వెతుకులాట ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి, లేకపోతే మోసపోతావ్. ఒక కమిట్‌కు ముందు ఆ మాట ఫైల్‌లో ఎన్నిసార్లు ఉంది, తర్వాత ఎన్నిసార్లు ఉంది అని లెక్కపెట్టి, తేడా ఉన్నవాటినే పట్టుకుంటుంది. ఎవరైనా "రౌండ్(తూకం, 1)"ని "రౌండ్(తూకం, 0)"గా మార్చారనుకో. రౌండ్ అనే మాట ముందూ ఒకసారే, తర్వాతా ఒకసారే. లెక్క మారలేదు, కాబట్టి ఆ కమిట్ దొరకదు. అక్కడ మార్పే జరగలేదని నువ్వు నమ్మేస్తావ్. అలాంటప్పుడు డ్రాప్‌డౌన్‌లో "చేంజింగ్ లైన్స్ మ్యాచింగ్" ఎంచుకో. మారిన లైన్లలో ఆ మాట ఉంటే చాలు, అది పట్టేస్తుంది. నేనైతే మొదట మొదటిది, ఏమీ దొరక్కపోతే రెండోది వాడతాను.

ఫంక్షన్ ఏ లైన్లలో ఉందో కచ్చితంగా తెలిస్తే ఇంకా దగ్గరి దారి ఉంది. మైనస్, పెద్ద ఎల్, లైన్ల హద్దులు, కోలన్, ఫైల్ పేరు, ఇవన్నీ ఖాళీ లేకుండా కలిపి ఇవ్వాలి: "గిట్‌కే -ఎల్40,60:తూకం.పై". ఆ ఇరవై ఒక్క లైన్ల చరిత్ర మాత్రమే వస్తుంది. మధ్యలో పైన కొత్త లైన్లు చేరి ఫంక్షన్ కిందికి జరిగినా అది వెంటాడుతుంది.

దొరికిన కమిట్‌ను చదవడానికీ ఒక పద్ధతి ఉంది. కింద ఎడమ వైపు డిఫ్, అంటే పాత కొత్త లైన్ల తేడా, వస్తుంది, మారిన లైన్ల చుట్టూ మూడు లైన్లే చూపిస్తుంది. ఆ సంఖ్యను పదికి పెంచు, లేకపోతే ఏ ఫంక్షన్‌లో ఉన్నావో కూడా తెలియదు. ఎవరి ఎడిటర్ అయినా ఫైల్ మొత్తాన్ని సర్ది పెడితే డిఫ్ నిండా ఎరుపు, పచ్చ నిండిపోతాయి. అప్పుడు "ఇగ్నోర్ స్పేస్ చేంజ్" టిక్ చెయ్, అసలు మార్పు మాత్రం మిగులుతుంది. ఒక లైన్‌లో ఒక అంకె మారితే కంటికి ఆనదు, అందుకు "లైన్ డిఫ్" ఉన్న చోట "కలర్ వర్డ్స్" పెట్టు. కుడి వైపు "ప్యాచ్" బదులు "ట్రీ" నొక్కితే ఆ రోజు ప్రాజెక్టు మొత్తం ఎలా ఉండిందో ఫైళ్లవారీగా చదువుకోవచ్చు. చెకౌట్ చేసే, అంటే నీ ఫైళ్లను ఆ పాత రూపానికి మార్చే, పనే లేదు. డిఫ్‌లో తీసేసిన లైన్ మీదో, మారకుండా ఉన్న లైన్ మీదో రైట్ క్లిక్ చేసి "షో ఆరిజిన్ ఆఫ్ దిస్ లైన్" అంటే, ఆ లైన్ మొదట ఏ కమిట్‌లో వచ్చిందో అక్కడికి దూకుతుంది. అక్కడి నుంచి మళ్లీ అదే చేస్తే ఇంకా వెనక్కి వెళ్తావ్. కారణం వెతకడానికి ఇంత మంచి సౌకర్యం ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

ఇంతవరకు చేసీ ఏమీ దొరకలేదనుకో. ఇక్కడే చాలామంది "గిట్‌లో ఏదో తేడా ఉంది" అనేస్తారు. తేడా ఏమీ ఉండదు, మార్పు మెర్జ్‌లో దాక్కుని ఉంటుంది. దీన్ని కొంచెం నిదానంగా చదువు.

జనవరి మొదట్లో మీలో ఒకరు మెయిన్‌లో తూకం లెక్కను గ్రాముల దాకా వచ్చేలా సరిచేశారనుకుందాం. ఇంకొకరు డిసెంబర్ నుంచే వేరే బ్రాంచ్‌లో కొత్త ఎలక్ట్రానిక్ కాంటాను కలిపే పని చేస్తున్నారు. ఆ బ్రాంచ్‌లో లెక్క పాతదే, కిలోలకు కోసేది. ఫిబ్రవరిలో రెండూ కలిపేటప్పుడు ఆ ఫైల్‌లో కాన్‌ఫ్లిక్ట్ వచ్చింది, అంటే ఒకే చోట రెండు వైపులా వేరువేరు మార్పులున్నాయి. కలిపినతను తొందరలో తన వైపు ఫైల్‌నే పూర్తిగా ఉంచేశాడు. జనవరిలో చేసిన సవరణ ఎగిరిపోయింది. తీసేసినట్టు ఏ కమిట్‌లోనూ కనిపించదు.

ఇప్పుడు ఆ ఫైల్ పేరుతో గిట్‌కే తెరిస్తే ఏమవుతుంది? మెర్జ్ దగ్గర ఆ ఫైల్ ఇద్దరు తల్లుల్లో ఒకరితో అచ్చంగా సరిపోతోంది కాబట్టి గిట్ ఆ ఒక్క దారినే పట్టుకుని వెనక్కి వెళ్తుంది, రెండో దారిని వదిలేస్తుంది. దాంతో జనవరి సవరణ జాబితాలోనే ఉండదు. అది తప్పు కాదు. "ఈ ఫైల్ ఇప్పుడున్న రూపానికి ఎలా వచ్చింది" అన్న ప్రశ్నకు అతి చిన్న జవాబు ఇస్తోంది. నీ ప్రశ్న వేరు: "సరిచేసింది ఏమైంది". ఆ ప్రశ్నకు ఇలా తెరవాలి:

గిట్‌కే --ఫుల్-హిస్టరీ -- తూకం.పై

ఇప్పుడు రెండు దారులూ కనిపిస్తాయి. సంబంధం లేని మెర్జ్‌లు కూడా బోలెడు వస్తాయి. ఎక్కువైతే "--సింప్లిఫై-మెర్జెస్" కలుపు, కొంత శుభ్రపడుతుంది.

మెర్జ్ కమిట్ మీద క్లిక్ చేసినప్పుడు కూడా డిఫ్ ఖాళీగా కనిపించొచ్చు. మెర్జ్‌కు గిట్‌కే చూపించేది ఇద్దరు తల్లులతోనూ తేడా ఉన్న భాగాలనే. ఒకరి వైపు పూర్తిగా ఉంచేసిన ఫైల్ ఆ లెక్కలోకి రాదు. అందుకని పోలికను నువ్వే చేయించాలి. కమిట్ వివరాల్లో "పేరెంట్" అని రెండు లింకులుంటాయి. మొదటి దాని మీద క్లిక్ చేసి ఆ కమిట్‌కు వెళ్లు. తర్వాత పైన జాబితాలో మెర్జ్ మీద రైట్ క్లిక్ చేసి "డిఫ్ సెలెక్టెడ్ -> దిస్" అను. మెర్జ్ వల్ల మెయిన్‌లోకి ఏమేం వచ్చింది, మెయిన్ నుంచి ఏమేం పోయింది అంతా బయటపడుతుంది. పోయిన లైన్లలో ఆ రౌండ్ ఉంటే నీ వెతుకులాట అయిపోయినట్టే. పైన చెప్పిన మాటల వెతుకులాట ఇలాంటి మెర్జ్‌లను పట్టదు, కాబట్టి ఈ పోలిక చేత్తో చేయాల్సిందే.

తేదీల విషయంలోనూ జాగ్రత్త. "సంక్రాంతికి బాగుంది, కాబట్టి సంక్రాంతి తర్వాతి కమిట్లు చూస్తే చాలు" అనుకోవడం సహజం. కానీ జాబితాలో కుడి వైపు కనిపించేది ఆ కోడ్ మొదట రాసిన తేదీ. డిసెంబర్‌లో రాసిన కమిట్ ఫిబ్రవరిలో మెయిన్‌లోకి వచ్చినా డిసెంబర్ తేదీతోనే ఉంటుంది. రీబేస్ చేస్తే, అంటే కమిట్లను కొత్త చోటి మీద మళ్లీ పేరిస్తే, కమిటర్ (చరిత్రలో చేర్చినవాళ్ల) తేదీ మారుతుంది, రాసిన తేదీ అలాగే ఉంటుంది. వివరాల్లో ఆథర్, కమిటర్ అని రెండు వరుసలు వేరువేరుగా ఉండటానికి కారణం ఇదే. మెయిన్‌లోకి ఏది ఎప్పుడు వచ్చిందో వరుసగా కావాలంటే "గిట్‌కే --ఫస్ట్-పేరెంట్ మెయిన్" అని తెరువు. పక్క బ్రాంచ్‌ల లోపలి కమిట్లు పోయి, మెయిన్ మీద జరిగిన మెర్జ్‌లూ కమిట్లూ ఒకే గీత మీద వస్తాయి. సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య వచ్చినవి అప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ట్యాగులు పెట్టే అలవాటు మీకుంటే ఇంకో వరం ఉంది. కమిట్ వివరాల్లో "ఫాలోస్", "ప్రిసీడ్స్" అని ఉంటాయి. ఫాలోస్ అంటే ఆ కమిట్ ఏ ట్యాగు తర్వాత వచ్చింది, ప్రిసీడ్స్ అంటే ఏ ట్యాగులోకి మొదట చేరింది. దుకాణంలో కొత్త వెర్షన్ వేసిన ప్రతిసారీ ట్యాగు పెడితే, తప్పు లెక్క మొదట ఏ వెర్షన్‌తో మార్కెట్‌కు వెళ్లిందో ఆ ఒక్క వరుస చెప్తుంది. ఇప్పటిదాకా పెట్టకపోయినా ఈ రోజు నుంచి మొదలుపెట్టండి. మిర్చి సీజన్‌లో వారానికి రెండుసార్లు వెర్షన్ మార్చే టీమ్‌కు ఇది తప్పనిసరి.

ఇక రైట్ క్లిక్ మెనూ. అందులో "రీసెట్ బ్రాంచ్ టు హియర్" ఒక్కటే నిజంగా ప్రమాదకరం. సాఫ్ట్, మిక్స్‌డ్, హార్డ్ అని మూడు అడుగుతుంది. హార్డ్ ఎంచుకుంటే కమిట్ చేయని మార్పులన్నీ పోతాయి, వాటిని గిట్ తిరిగి ఇవ్వలేదు. "చెర్రీ-పిక్" (వేరే చోటి కమిట్‌ను ఇక్కడికి తేవడం), "రివర్ట్" (ఒక కమిట్‌ను వెనక్కి తిప్పడం) కొత్త కమిట్ చేస్తాయి. పోగొట్టవు, కానీ నువ్వు అనుకోకుండా నొక్కితే చరిత్రలో ఒకటి అదనంగా చేరుతుంది. "క్రియేట్ ట్యాగ్", "క్రియేట్ బ్రాంచ్" వల్ల నష్టం లేదు. ఒకవేళ బ్రాంచ్ వెనక్కి పోయినా, చెరిపేసినా, కమిట్ చేసినవి వెంటనే మాయం కావు. "గిట్‌కే --రీఫ్లాగ్" అని తెరిస్తే ఈ మధ్య నువ్వున్న చోట్లన్నీ కనిపిస్తాయి, అక్కడ రైట్ క్లిక్ చేసి కొత్త బ్రాంచ్ పెట్టుకుంటే చాలు. మామూలు సెట్టింగులతో ఈ రికార్డు 90 రోజులు ఉంటుంది. ఏ బ్రాంచ్‌కీ అందకుండా పోయిన కమిట్లకైతే 30 రోజులు. అది కూడా నీ కంప్యూటర్‌లో జరిగినవాటికే.

ఎవరు మార్చారు అని అడిగావు. ఆ పేరు స్క్రీన్ మీద సులభంగానే కనిపిస్తుంది, కానీ దాన్ని పట్టుకుని గొడవకు దిగొద్దని మనస్ఫూర్తిగా చెప్తున్నాను. ఆథర్ పేరు ఆ కంప్యూటర్ సెట్టింగుల్లో రాసి ఉన్నదే. చిన్న ఆఫీసుల్లో ఒకే సిస్టమ్ మీద ఇద్దరు ముగ్గురు పనిచేస్తారు, అందరి పనీ ఒకరి పేరు మీదే పడుతుంది. ఫైల్ మొత్తం సర్దినవాళ్ల పేరు ప్రతి లైన్ మీదా ఉంటుంది, లెక్క రాసింది మాత్రం వేరొకరు. పైగా ఎవరూ రైతుకు నష్టం చేయాలని కూర్చుని ఇంట్ పెట్టరు. కొత్త కాంటా నుంచి వచ్చే అంకెలో ఖాళీలో, అక్షరాలో ఉండి ప్రోగ్రాం ఆగిపోతుంటే, దుకాణం ముందు బండ్లు ఆగి ఉన్నప్పుడు ఫోన్‌లో తిట్లు తింటూ రాసిన మార్పు కావచ్చు. ఆ కమిట్ మెసేజ్ చదువు, దాని ముందూ వెనకా ఉన్న రెండు మూడు కమిట్లు చదువు. కారణం తెలియకుండా ఇంట్ తీసేసి రౌండ్ పెడితే ఆ కాంటా ఉన్న దుకాణంలో ప్రోగ్రాం మళ్లీ ఆగిపోతుంది.

అందుకే మెసేజ్‌లో "ఫిక్స్", "అప్‌డేట్" అని కాకుండా ఎందుకు చేశారో ఒక వాక్యం రాయండి. తెలుగులో రాసినా నిక్షేపంగా పనిచేస్తుంది. మీ ప్రోగ్రాంలో చీటీ మీద పడే తెలుగు మాటలు కూడా ఉంటాయి కాబట్టి ఒక సెట్టింగ్ చెప్తాను. డిఫ్‌లో తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తుంటే గిట్ కాన్ఫిగ్‌లో గుయ్.ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8 చెయ్. ఫైల్ పేర్లే తెలుగులో ఉండి టెర్మినల్‌లో బ్యాక్‌స్లాష్‌లు, అంకెలుగా కనిపిస్తుంటే కోర్.కోట్‌పాత్‌ను ఫాల్స్ చెయ్.

వేరే టూల్స్ గురించి కూడా అడిగావు. వీఎస్ కోడ్‌లో టైమ్‌లైన్ ఒక ఫైల్‌కు బాగానే ఉంటుంది, విండోస్‌లో టార్టాయిస్‌గిట్ అలవాటున్నవాళ్లకు అదీ మంచిదే, మౌస్ వద్దనుకునేవాళ్లకు టెర్మినల్‌లో నడిచే టిగ్ ఉంది. చూడటానికి గిట్‌కే కంటే అవన్నీ అందంగా ఉంటాయి. అయినా నేర్చుకునేవాళ్లకు నేను గిట్‌కేనే చెప్తాను. గిట్ లాగ్‌కు ఇచ్చే ఆప్షన్లు చాలా దీనికీ ఇవ్వొచ్చు. ఇక్కడ నేర్చుకున్నది టెర్మినల్‌లోనూ పనికొస్తుంది, రేపు ఏ కంపెనీకి వెళ్లినా పనికొస్తుంది.

ఇన్ని చేసినా మార్పు ఎక్కడుందో తేలకపోతే, అంటే తప్పు తూకం ఫైల్‌లో కాక డేటాబేస్ కాలమ్‌లోనో ప్రింట్ చేసే చోటో ఉంటే, గిట్ బైసెక్ట్ వాడు. సంక్రాంతి నాటి వెర్షన్ మంచిది, ఇప్పటిది చెడ్డది అని చెప్తే మధ్యలో ఒకటి తీసి ఇస్తుంది. ఆ 23 బస్తాల లెక్క అందులో వేసి చూసి మంచిదో చెడ్డదో చెప్పాలి. 200 కమిట్లున్నా ఏడెనిమిది పరీక్షల్లో తప్పు ఉన్న కమిట్ మీదకు వస్తావ్. మధ్యలో "గిట్ బైసెక్ట్ విజువలైజ్" అంటే ఇంకా మిగిలిన అనుమానాలే గిట్‌కేలో తెరుచుకుంటాయి. మొదట పైన చెప్పిన మెర్జ్ సంగతి చూసుకో, తర్వాతే ఇది. బైసెక్ట్ చూపించేది మెర్జ్ కమిట్‌నే అయితే ఆ పోలిక మళ్లీ నువ్వే చేయాలి.

దొరికాక సరిచేసి ఊరుకోకు. ఆ కమిట్ ఏ వెర్షన్‌తో బయటికి వెళ్లిందో, ఆ వెర్షన్ ఏ దుకాణంలో ఏ రోజు వేశారో రాసుకో. ఆ రోజు నుంచి సరిచేసిన రోజు దాకా పడిన తక్‌పట్టీలన్నీ డేటాబేస్‌లో ఉంటాయి. బస్తాలవారీ తూకాలు కోయకుండా దాచి ఉంటే ప్రతి చీటీకీ నికర తూకం మళ్లీ లెక్కించి, రైతు పేరు, తేదీ, రావాల్సిన తేడా ఒక జాబితా తీయొచ్చు. చీటీకి 84 రూపాయలైనా, 20 రూపాయలైనా అది వాళ్ల సొమ్మే. సీజన్ నడుస్తుండగానే ఆ జాబితా ఆడ్తి వాళ్ల చేతిలో పెట్టండి. అదే రైతు తర్వాతి లాట్‌తో మళ్లీ వస్తాడు, అప్పుడే ఇచ్చేయడం సులువు. బస్తాల తూకాలు కూడా కోసేసే దాచి ఉంటే కాంటా దగ్గర దడ్వాయి (తూకం వేసేవాడు) రాసిన పుస్తకం అడగండి, అందులో ఉంటాయి.